మహానగరమా, మధ్యతరహా నగరమా?

నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణంగా ఉన్న మండలం బోగోలు. దాని తూర్పు అంచున బంగాళాఖాతం, జువ్వలదిన్నె వంటి మత్స్యకార గ్రామాలు ఉన్నవి. బోగోలు గ్రామానికి దగ్గరలోనే బిట్రగుంట రైలు స్టేషను. ఆ స్టేషను నుంచి దక్షిణంగా సుమారు 35 కిలోమీటర్లు పోతే నెల్లూరు వస్తుంది. అదే మార్గాన ఇంకా ముందుకు సాగితే, బిట్రగుంట నుంచి సుమారు 210 కిలోమీటర్ల వద్ద చెన్నై నగరం ఉన్నది.

1953 వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. పెద్ద కోర్టు, పెద్ద ఆసుపత్రి, పెద్ద చదువు అన్నీ చెన్నపట్నంలోనే ఉండేవి. రాష్ట్రాలు వేరుపడిన తరువాత కూడ రైలుమార్గం వేరుపడలేదు. అందువల్ల బోగోలు ప్రాంతం నుంచి చదువుకొనీ, పనులు వెదుక్కొనీ చెన్నై చేరి అక్కడే స్థిరపడిన కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. అటువంటి కుటుంబాల్లో ఈనాడు తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. చెన్నైలోనే ఉండడమా, లేక నెల్లూరు వంటి మధ్యతరహా నగరానికి తిరిగి వచ్చి కాపురం పెట్టడమా? బోగోలులోని ఇంటికే వచ్చివేయడం చాలామందికి సాధ్యం కాదు, వారి వృత్తికి తగిన పని అక్కడ దొరకదు. అయితే నెల్లూరులో దొరకవచ్చు, అక్కడినుంచి స్వగ్రామం గంట ప్రయాణం మాత్రమే.

ఈ ప్రశ్నకు జవాబును సాధారణంగా ఇష్టాయిష్టాల మీద చెప్పుకొంటారు. “పట్నంలో ఊపిరాడదు” అని ఒకరు, “చిన్న ఊళ్ళో ఎదుగుదల లేదు” అని మరొకరు అంటారు. కాని నగరాల పరిమాణాన్ని గురించి, వలసలను గురించి శాస్త్రజ్ఞులు నూటయాభై సంవత్సరాలుగా లెక్కలు కట్టి తెలుసుకొన్న సంగతులు కొన్ని ఉన్నవి. ఆ సంగతుల సహాయంతో ఈ ప్రశ్నను కొంతవరకు కొలచి చూడవచ్చు.

ప్రవాహము, ఎదురు ప్రవాహము

వలసలను మొదట శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ప్రముఖుడు రేవెన్‌స్టీన్. ఆయన బ్రిటన్ జనాభా లెక్కలలో ప్రజలు పుట్టిన చోటుకూ, ఉంటున్న చోటుకూ ఉన్న భేదాన్ని పరిశీలించి 1885లో కొన్ని సూత్రాలను ప్రకటించాడు. వలస పోయేవారిలో ఎక్కువమంది దగ్గర ప్రాంతానికే పోతారనేది అందులో ఒకటి. బోగోలు వారికి చెన్నై ఎందుకు ఆకర్షణ అయిందో దీనివల్ల తెలుస్తుంది. మరొక సూత్రం మన ప్రశ్నకు ఇంకా ముఖ్యమైనది. వలస ప్రవాహం ఎక్కడ ఉంటే అక్కడ దానికి ఎదురుగా వచ్చే చిన్న ప్రవాహం కూడ ఉంటుంది. అంటే వెళ్ళినవారిలో కొందరు తిరిగి రావడం ఓటమీ కాదు, వింతా కాదు. వలసలో అది సహజమైన భాగం.

కనుక తిరిగి రావడం మంచిదా, చెడ్డదా అని విచారించనక్కరలేదు. ఏ కుటుంబానికి, ఏ వేళలో, ఏ షరతుల మీద లాభం అని మాత్రమే విచారించవలసి ఉన్నది.

ఏ వసతి ఏ ఊరిలో నిలుస్తుంది?

బోగోలులో కిరాణా దుకాణం ఉంటుంది. గుండె శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి ఉండదు. ఎందువల్ల? కిరాణా దుకాణం నడవడానికి కొన్ని వందల కుటుంబాలు చాలు. గుండె శస్త్రచికిత్స అవసరమయ్యేది వేలల్లో ఏ ఒక్కరికో కనుక, ఆ ఆసుపత్రి నిలవడానికి లక్షల జనాభా కావాలి. ప్రతి వసతికీ ఈ విధంగా ఒక కనీస జనసంఖ్య ఉంటుంది. ఆ వసతి కోసం జనం ఎంత దూరం రావడానికి ఒప్పుకొంటారో, అది దాని అందుబాటు పరిధి. జర్మను భూగోళ శాస్త్రజ్ఞుడు వాల్టర్ క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలించి 1933లో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. పల్లె, చిన్న పట్టణం, నగరం, మహానగరం మెట్లు మెట్లుగా ఎందుకు ఏర్పడతాయో ఆయన ఈ రెండు కొలతలతో వివరించాడు.

బోగోలు నుంచి చెన్నై దాకా రైలులో పోతే ఆ మెట్లన్నీ కనిపిస్తవి. గ్రామంలో బడి, దుకాణం, ప్రాథమిక వైద్యం ఉన్నవి. ఉత్తరాన ఉన్న కావలికి 2011 జనగణనలో సుమారు 90 వేల జనాభా. అక్కడ 1951లో స్థాపించిన జవహర్ భారతి కళాశాల ఉన్నది. నెల్లూరు నగర ప్రాంతానికి అదే జనగణనలో సుమారు ఐదున్నర లక్షల జనాభా. అక్కడ విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లోను, ప్రభుత్వ వైద్య కళాశాల 2014లోను ఏర్పడినవి. చెన్నై మహానగర ప్రాంతానికి 86 లక్షలకు పైగా జనాభా. అక్కడ 1959 నుంచి ఐ.ఐ.టి. ఉన్నది, విమానాశ్రయం, ఓడరేవు, వందలకొద్ది పరిశ్రమలు, అరుదైన వ్యాధులకు ప్రత్యేక వైద్యులు ఉన్నారు.

ఇక్కడ ఒక మాట గుర్తించాలి. నెల్లూరుకు రావడమంటే అన్ని వసతులనూ వదలుకోవడం కాదు. అయిదారు లక్షల జనాభాతో నిలిచే వసతులన్నీ అక్కడ ఉంటవి. వదలుకొనేవి, దానికంటె పెద్ద జనసంఖ్య ఉంటేగాని నిలవని వసతులు మాత్రమే. కుటుంబం ఆ జాబితాను రాసి చూసుకొంటే, అది అనుకొన్నంత పొడవుగా లేదని తేలవచ్చు. లేక అందులో ఉన్న ఒకే ఒక్క వసతి తప్పనిసరిదని తేలవచ్చు.

పరిమాణం ఇచ్చేది, పుచ్చుకొనేది

చెన్నై జనాభా నెల్లూరుకు సుమారు 16 రెట్లు. అయితే అక్కడ ప్రతిదీ 16 రెట్లు ఉంటుందా? ఉండదు.

లూయీస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ మొదలైన శాస్త్రజ్ఞులు అమెరికా, జర్మనీ, చైనా మొదలైన దేశాల నగరాల లెక్కలను పోల్చి 2007లో ఒక వ్యాసం ప్రకటించారు. వారు గమనించినది ఇది: రోడ్ల పొడవు, విద్యుత్తు తీగల పొడవు వంటివి జనాభా పెరిగినంత వేగంగా పెరగవు. నలుగురూ ఒకే తీగను, ఒకే దారిని పంచుకొంటారు కనుక వాటిలో పొదుపు వస్తుంది. జీతాలు, కొత్త ఆవిష్కరణలు వంటివి జనాభా కంటె వేగంగా పెరుగుతవి. మనుష్యులు ఒకరినొకరు కలుసుకొనే అవకాశాలు పెద్ద నగరంలో ఎక్కువ కావడం దీనికి కారణం. గణితభాషలో చెబితే, మొదటి రకానికి ఘాతం సుమారు 0.85, రెండవ రకానికి సుమారు 1.15.

దీనిని సులువుగా ఇట్లా అర్థం చేసుకోవచ్చు. ఘాతం 1.15 అయినప్పుడు జనాభా రెండింతలైతే మొత్తం జీతాలు 2.22 రెట్లవుతవి, అంటే తలసరి సుమారు 11 శాతం ఎక్కువ. పదహారు రెట్లంటే రెండును నాలుగుసార్లు గుణించడం. కనుక 1.11ను నాలుగుసార్లు గుణిస్తే సుమారు ఒకటిన్నర వస్తుంది. ఈ సూత్రాన్ని బట్టి చిన్న నగరంలో 40 రూపాయలు వచ్చే చోట, పదహారు రెట్ల నగరంలో 60 రూపాయలు వస్తవి.

కాని ఇదే వ్యాసంలో మరొక సంగతి కూడ ఉన్నది. మనుష్యుల కలయిక పెరిగేకొద్దీ అంటువ్యాధులు, నేరాలు కూడ అదే ధోరణిలో పెరుగుతవి. ఒకే కారణం నుంచి మేలూ, కీడూ రెండూ పుడుతున్నవి. ఇది నగరాల సగటు లెక్క అనీ, ప్రతి దేశంలోను, ప్రతి వృత్తిలోను ఇదే సంఖ్య రావలసిన నియమం లేదనీ గుర్తుంచుకోవాలి. ప్రభుత్వోపాధ్యాయునికి, బ్యాంకు ఉద్యోగికి ఊరు మారినంతమాత్రాన జీతం మూడోవంతు తగ్గదు. కంప్యూటరు నిపుణునికి అంతకంటె ఎక్కువగానే తగ్గవచ్చు.

ఇంటి అద్దె, దారి ఖర్చు

పెద్ద నగరంలో అద్దె ఎందుకు ఎక్కువ? ఈ ప్రశ్నకు బీజం 1826లో ఫాన్ తూనెన్ అనే జర్మను వ్యవసాయదారుడు వేశాడు. పట్టణపు బజారుకు దగ్గరగా ఉన్న పొలానికి సరుకు చేరవేసే ఖర్చు తక్కువ, అందువల్ల కౌలు ఎక్కువ అని ఆయన చూపాడు. దీనినే విలియం అలొన్సో 1964లో నగరంలోని ఇండ్లకు అన్వయించాడు. పని చోటుకు దగ్గరగా ఉంటే అద్దె ఎక్కువ, ప్రయాణం తక్కువ. దూరంగా పోతే అద్దె తక్కువ, ప్రయాణం ఎక్కువ. ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లించక తప్పదు.

ఇక్కడ ఎనిమిదవ తరగతి రేఖాగణితం పనికివస్తుంది. రెండు నగరాలలో జనసాంద్రత ఒకటే అనుకొందాం. పదహారు రెట్ల జనాభాకు పదహారు రెట్ల వైశాల్యం కావాలి. వృత్త వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక వ్యాసార్ధం నాలుగు రెట్లవుతుంది. చిన్న నగరంలో సగటున 3 కిలోమీటర్లు పోయి పని చేసుకొనే మనిషి, పెద్ద నగరంలో 12 కిలోమీటర్లు పోవలసి వస్తుంది. అక్కడి వాహనాల రద్దీ దీనికి అదనం.

ఇప్పుడు ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. చెన్నైలో ఒక కుటుంబానికి నెలకు 60,000 రూపాయల రాబడి. అద్దె 20,000, రాకపోకలకు 4,000, మిగతా ఖర్చులు 22,000 పోగా 14,000 మిగులుతుంది. అదే కుటుంబానికి నెల్లూరులో రాబడి 40,000. అద్దె 9,000, రాకపోకలకు 1,500, మిగతా ఖర్చులు 18,000 పోగా 11,500 మిగులుతుంది. జీతాలలో 20,000 తేడా కనిపించినా, మిగులులో తేడా 2,500 మాత్రమే.

ఇక కాలం లెక్క. నెల్లూరులో రోజుకు గంటన్నర ప్రయాణం కలిసివస్తుందనుకొంటే, ఏడాదికి 300 పనిదినాలకు 450 గంటలు. నెలకు 37 గంటలకు పైగా. చెన్నైలో ఉండి మిగిల్చుకొనే 2,500 రూపాయలను ఈ గంటలతో భాగిస్తే గంటకు సుమారు 67 రూపాయలు పడుతుంది. ఆ గంట పిల్లల దగ్గర గడపడానికో, నిద్రకో, మరొక పనికో దొరికితే దాని విలువ 67 రూపాయలకు ఎక్కువా, తక్కువా? ప్రశ్న ఈ రూపానికి వచ్చిన తరువాత ఇంటిలోనివారు కూర్చొని మాట్లాడుకోవడం సులభం. అంకెలు ఎవరివి వారు వేసుకోవాలి. సొంత ఇల్లు ఉన్నవారికి, పిల్లల ఫీజులు కట్టేవారికి లెక్క వేరే విధంగా తేలుతుంది.

ఉద్యోగం పోతే?

పై లెక్కలో ఉద్యోగం నిలకడగా ఉంటుందని అనుకొన్నాము. అది నిలవకపోతే ఏమవుతుంది? ఒక వృత్తివారిని తీసుకొనే సంస్థలు చిన్న నగరంలో 5, మహానగరంలో 80 ఉన్నవనుకొందాం. ఒక నెలలో ఒక సంస్థలో ఖాళీ ఏర్పడే సంభావ్యత నూటికి 2 అనుకొందాం. చిన్న నగరంలో ఆ నెలలో కనీసం ఒక ఖాళీ అయినా ఉండే సంభావ్యత నూటికి సుమారు 10. మహానగరంలో నూటికి సుమారు 80. ఒక్కొక్క సంస్థలో ఖాళీ లేకపోయే సంభావ్యత 0.98 కనుక, దానిని 5సార్లు, 80సార్లు గుణించి, ఒకటిలోనుంచి తీసివేసి విద్యార్థులు ఈ ఫలితాన్ని సరిచూసుకోవచ్చు.

ఈ తేడా జీతపు తేడా కంటె గంభీరమైనది. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్థులైతే ఇద్దరికీ ఒకే ఊళ్ళో పని దొరకాలి కనుక ఇది ఇంకా గంభీరమవుతుంది. అయితే ఉపాధ్యాయులు, నర్సులు, మందుల దుకాణదారులు, విద్యుత్తు పనివారు వంటివారిని తీసుకొనే చోట్లు చిన్న నగరంలో కూడ అనేకం. వారికి ఈ భయం తక్కువ.

ఒకే ఆధారం మీద బతికే ఊరికి ఏమవుతుందో బోగోలు ప్రాంతం వారు కండ్లారా చూశారు. ఆవిరి ఇంజనుకు కొంత దూరానికొకసారి నీరు పోయాలి, బొగ్గు వేయాలి, నిప్పుగూడు శుభ్రం చేయాలి, డ్రైవరు, ఫైర్‌మన్ మారాలి. అందుకని బ్రిటిష్ వారి కాలంలో బిట్రగుంటలో ఇంజన్ల షెడ్డు, యార్డు, విశాలమైన రైల్వే కాలనీ వెలసినవి. డీజిలు ఇంజన్లు వచ్చినవి, 1980 ప్రాంతంలో చెన్నై, విజయవాడల మధ్య మార్గం విద్యుదీకరణ అయింది. ఆవిరి ఇంజను కోసం పుట్టిన పనులు క్రమంగా అంతరించినవి, వాటితోపాటు కాలనీ సందడి తగ్గింది. రైలుమార్గం ఎక్కడికీ పోలేదు, రైళ్ళ సంఖ్య పెరిగింది కూడ. పోయినది ఊరి ఒకే ఒక్క ఆధారం. కనుక మధ్యతరహా నగరాన్ని ఎంచుకొనేవారు దాని జనాభాను మాత్రమే గాక, అక్కడ జీవనాధారాలు ఎన్ని రకాలుగా ఉన్నవో కూడ చూడాలి. నెల్లూరు వరి, ఆక్వా సాగు, వర్తకం, విద్య, వైద్యం, జిల్లా కార్యాలయాలు, సమీపంలోని కృష్ణపట్నం ఓడరేవు వంటి పలు ఆధారాల మీద నిలిచిన నగరం.

అరువు తెచ్చుకొన్న పరిమాణం

ఇంతవరకు నెల్లూరును ఒంటరి నగరంగా చూశాము. కాని అది చెన్నైకి రైలులో మూడు గంటల లోపు దూరంలో ఉన్నది. అలొన్సో 1973లో ఇటువంటి నగరాలను గురించి ఒక ఉపయోగకరమైన భావం ప్రవేశపెట్టాడు. పెద్ద నగరానికి సమీపంలో ఉన్న చిన్న నగరం ఆ పెద్ద నగరపు వసతులను అవసరమైనప్పుడు వాడుకొంటుంది, తాను చిన్నదిగా ఉండే లాభాన్ని నిలుపుకొంటుంది. దీనినే “అరువు తెచ్చుకొన్న పరిమాణం” అన్నాడు.

అయితే ఏ వసతిని అరువు తెచ్చుకోవచ్చు? ఇదే మొత్తం ప్రశ్నకు తాళపుచెవి. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి, నెల్లూరు నుంచి చెన్నై పోయి రావడానికి 8 గంటలు పడుతుందనుకొందాం. నెలకొకసారి పోతే ఏడాదికి 96 గంటలు. ముందు లెక్కలో మిగిలిన 450 గంటల్లో ఇది అయిదోవంతు కంటె కొంచెం ఎక్కువ. వారానికొకసారి పోతే 416 గంటలు, మిగిలినదంతా దాదాపు హరించుకొని పోతుంది. రోజూ పోవడం అసాధ్యం.

కనుక ప్రతి అవసరాన్నీ “అది ఎంత తరచుగా కావాలి?” అని అడిగి చూడాలి. రోజూ కావలసినవి బడి, పని, కూరగాయలు, తాగునీరు. ఇవి ఉన్న ఊళ్ళోనే ఉండాలి. నెలకో, రెండు నెలలకో కావలసినవి ప్రత్యేక వైద్యుని సలహా, పెద్ద కొనుగోళ్ళు. వీటిని మూడు గంటల దూరం నుంచి అరువు తెచ్చుకోవచ్చు. ఏడాదికొకసారి కావలసిన విమానాశ్రయం వంటిది ఇంకా దూరాన ఉన్నా నష్టం లేదు. ఏడాదికి రెండుసార్లు వాడుకొనే వసతి కోసం రోజూ మూల్యం చెల్లిస్తున్న కుటుంబాలు మహానగరాలలో తక్కువ కాదు. ఇందుకు విరుద్ధంగా, వారానికి రెండుసార్లు రక్తశుద్ధి చికిత్సకో, ప్రత్యేక శిక్షణకో పోవలసినవారు ఉన్న ఇంటివారు, ఆ వసతి నెల్లూరులో ఉన్నదో లేదో ముందుగా విచారించకుండా కదలరాదు.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉన్నది. గుండెపోటు, పాముకాటు, ప్రసవం అరుదైనవే గాని ఆగేవి కావు. వీటికి ఎంత తరచు అని గాక, ఎంత త్వరగా అని అడగాలి. అత్యవసర వైద్యం దగ్గరలోనే ఉండి తీరాలి. బోగోలులో వృద్ధులైన తల్లిదండ్రులు ఉన్నవారికి ఈ లెక్క మరొక వైపు నుంచి పనిచేస్తుంది. రాత్రివేళ కబురు వస్తే నెల్లూరు నుంచి గంటలో చేరవచ్చు, చెన్నై నుంచి తెల్లవారుతుంది.

2020 నాటి మహమ్మారి తరువాత కొన్ని వృత్తులలో ఇంటినుంచే పని చేసే పద్ధతి వ్యాపించింది. రోజూ పోవలసిన కార్యాలయానికి నెలకొకసారి పోతే చాలు అన్నప్పుడు, ఉద్యోగం కూడ అరువు తెచ్చుకోదగిన వస్తువే అవుతుంది. అయితే ఆ అనుమతి ఎంతకాలం ఉంటుందో యజమానినుంచి స్పష్టంగా తెలుసుకోవాలి.

చరిత్రలో రెండు కదలికలు

మహానగరం నుంచి చిన్న నగరానికి పెద్ద సంఖ్యలో కదలడం తెలుగువారికి కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కార్యాలయాలు మద్రాసు నుంచి కర్నూలుకు కదలినవి. అంతమంది ఒక్కసారిగా రావడానికి ఆ పట్టణం సిద్ధంగా లేదు. గుడారాలలో కార్యాలయాలు నడపవలసి వచ్చింది. 1954లో హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారింది.

రెండవది 2016లో జరిగింది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుంచి వెలగపూడికి రావలసి వచ్చింది. ప్రభుత్వం వారికి వారానికి అయిదు రోజుల పని ఏర్పాటు చేసింది. ఉద్యోగం కదిలినా కుటుంబం వెంటనే కదలలేదు. పిల్లల చదువు, భార్య లేక భర్త ఉద్యోగం, సొంత ఇల్లు హైదరాబాదులోనే ఉండగా, చాలామంది వారమంతా ఇక్కడ పనిచేసి, సెలవు రోజులకు అక్కడికి పోతూ వచ్చారు. పిల్లలకు విద్యలోను, ఉద్యోగాల్లోను స్థానికత లభించడానికి రాష్ట్రపతి ఉత్తర్వులనే సవరించవలసి వచ్చింది.

ఈ రెండు ఉదాహరణలు ఒక సంగతి చెబుతున్నవి. కుటుంబమంటే జీతం తెచ్చే ఒక మనిషి మాత్రమే కాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజువారీ అవసరం ఉంటుంది. వాటిలో ఏ ఒక్కటి వెనుక ఉండిపోయినా, వారం వారం రైలు ఎక్కవలసినదే.

పిల్లల చదువు, కదలే వేళ

చెన్నై నుంచి నెల్లూరుకు రావడమంటే రాష్ట్రం మారడం. తమిళనాడులో 2006నాటి చట్టం ప్రకారం పాఠశాలల్లో తమిళం నేర్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు చదవాలి. మూడవ తరగతి పిల్లవాడు కొత్త లిపిని ఒక ఏడాదిలో పట్టుకొంటాడు. పదవ తరగతిలో అది పరీక్షల భారానికి తోడవుతుంది.

మరొక నిబంధన కూడ ఉన్నది. 1974నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగు సంవత్సరాలు స్థానిక ప్రాంతంలో చదవడం స్థానికతకు ముఖ్యమైన గీటురాయిగా ఉంటూ వచ్చింది. ఇంటర్మీడియెట్ అర్హత పరీక్ష అయినప్పుడు ఆ నాలుగేండ్లు తొమ్మిది, పది, ఇంటరు రెండు సంవత్సరాలు. కనుక ఎనిమిదవ తరగతి ముగిసేలోపు కదలడానికీ, తరువాత కదలడానికీ ఎంతో భేదం ఉండవచ్చు. ఆయా ప్రవేశ ప్రకటనలలో ఉన్న నిబంధనను చూసుకొని నిర్ణయించాలి.

నీరు, ఎండ, తుపాను

చిన్న నగరంలో ప్రకృతి దయగా ఉంటుందని ఊహించుకోరాదు. నెల్లూరు వేసవి తీవ్రమైనది. కట్టడాలు, తారురోడ్లు పగటి వేడిని దాచి రాత్రి విడుస్తవి కనుక నగరం చుట్టుపక్కల పల్లెల కంటె వేడిగా ఉంటుంది. ఈ సంగతిని లండను నగర వాతావరణంలో లూక్ హోవర్డ్ రెండు వందల ఏండ్ల క్రిందటే గుర్తించాడు. నగరం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. చెన్నై 2015 డిసెంబరులో వరద పాలయింది, 2019 వేసవిలో రైళ్ళమీద నీరు తెచ్చుకొన్నది. కాని నెల్లూరు జిల్లాకు కూడ తన ఆపదలు ఉన్నవి. 1989 నవంబరులో పెను తుపాను కావలి దగ్గర తీరం దాటింది. 2021 నవంబరులో పెన్న వరద నెల్లూరు ప్రాంతాన్ని ముంచింది. ఇల్లు తీసుకొనే ముందు ఆ వీధిలో వరద నీరు ఎంత ఎత్తు వచ్చిందో పాతవారిని అడగడం, నగరపు పేరును చూసి నిర్ణయించడం కంటె ఉపయోగకరం.

నీటి విషయంలో ఈ రెండు నగరాల సంబంధం ఆసక్తికరమైనది. 1983 ఒప్పందం ప్రకారం చేపట్టిన తెలుగుగంగ కాలువ శ్రీశైలం నుంచి కృష్ణాజలాన్ని నెల్లూరు జిల్లాలోని సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా చెన్నై వైపు తీసుకొనిపోతుంది. 1996లో ఆ నీరు పూండి చేరింది. చిన్న నగరం వసతులను అరువు తెచ్చుకొంటుండగా, మహానగరం నీటిని అరువు తెచ్చుకొంటున్నది.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని గణితం, సాంఘిక శాస్త్రం కలిపి తరగతిలో చేయించవచ్చు. ప్రతి విద్యార్థి తన ఇంటిలోని ఒక్కొక్కరి అవసరాలను ఒక కాగితం మీద రాయాలి. ప్రతి అవసరానికి ఎదురుగా నాలుగు గళ్ళు గీయాలి: ఏడాదికి ఎన్నిసార్లు కావాలి, ఎంత త్వరగా కావాలి, ఇప్పుడు దానికోసం ఎంత సేపు ప్రయాణం చేస్తున్నారు, చిన్న నగరంలో ఉంటే ఎంత సేపు పడుతుంది. సార్లను ప్రయాణ కాలంతో గుణించి కూడితే, రెండు ఊళ్ళకూ ఏడాది మొత్తం గంటలు వస్తవి. రైళ్ళ వేళల పట్టిక దగ్గర ఉంటే బిట్రగుంట, కావలి, నెల్లూరు, చెన్నైల మధ్య కాలాలను విద్యార్థులే చూసి నింపగలరు.

నిజంగా కదలదలచిన కుటుంబం కూడ ఈ కాగితంతోనే ఆరంభించవచ్చు. తరువాత చెన్నై ఇంటిని అమ్మివేయక అద్దెకు ఇచ్చి, జూన్‌లో బడులు తెరిచే వేళకు నెల్లూరు చేరి, ఒక ఏడాది గడిచిన పిమ్మట కాగితం మీది అంకెలను అసలు అంకెలతో పోల్చి చూసుకోవాలి. తేడా ఎక్కడ వచ్చిందో తెలిస్తే, నిలవడమా, మరలడమా అనేది అప్పుడు తేల్చుకోవచ్చు.